పద్నాలుగు పేర్ల ఎక్సెల్ షీట్: సాఫ్ట్‌వేర్ కెరీర్‌లో పోలిక మీద ఒక కౌన్సెలింగ్ కేసు

నేను కూకట్‌పల్లిలో కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను, మా ఏరియా అలాంటిది కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఎక్కువ. ఈ కేసు రాయడానికి క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు, రాశాక చదివి రెండు చోట్ల మార్పించాడు కూడా. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. మారుపేరు పెడదామంటే వద్దు, క్లయింట్ అనే రాయండి మేడం అన్నాడు, అలాగే రాస్తున్నా.

2024 జులైలో వచ్చాడు. వయసు 34, 2012 బ్యాచ్ సీఎస్‌ఈ, ఒక ప్రొడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ ఇంజనీర్, పన్నెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్. పెళ్ళయింది, నాలుగేళ్ళ పాప, మియాపూర్‌లో లోన్ మీద కొనుక్కున్న ఫ్లాట్, సొంతూరు పల్నాడు వైపు. తనంతట తను రాలేదు, భార్య పంపించింది. మొదటి రోజు ఆవిడ కూడా వచ్చి పది నిమిషాలు కూర్చుని చెప్పిన మాట ఇది: "మా ఆయన రాత్రి మూడింటికి లేచి హాల్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు మేడం, ఏంటని అడిగితే ఫలానా వాడు డైరెక్టర్ అయ్యాడు అంటారు, ఆ ఫలానా వాడు ఎవరో నాకు తెలీదు, ఆయన కూడా వాడితో మాట్లాడి ఎనిమిదేళ్ళయింది."

అతను చెప్పింది ఇంకా చిన్న మాట. "బ్యాచ్‌లో అందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు మేడం, నేను ఎక్కడ వేసిన గొంగళి అక్కడే."

మొదటి రెండు సెషన్లు పూర్తిగా వినడానికీ, అసెస్‌మెంట్‌కీ పెట్టుకున్నా. డిప్రెషన్‌ని కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 11, యాంగ్జైటీని కొలిచే జీఏడీ-7లో 13, అంటే రెండూ మోడరేట్ దగ్గర ఉన్నాయి. రోజెన్‌బర్గ్ సెల్ఫ్ ఎస్టీమ్ స్కేల్‌లో 30కి 12, పదిహేను కన్నా తక్కువొస్తే సాధారణంగా తక్కువ కింద చూస్తాం. చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అని నేరుగానే అడిగా, లేవన్నాడు, భార్య దగ్గర విడిగా అడిగితే ఆవిడా లేవనే అంది. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇద్దరి ఫోన్లలో సేవ్ చేయించా, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డిప్రెషన్, యాంగ్జైటీ స్కోర్లలో ఏది 15 దాటినా, నిద్ర ఇంకా పాడైనా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాలని ముందే మాట తీసుకున్నా. కౌన్సెలింగ్‌తోనే అన్నీ అయిపోతాయి అని నేను ఎవరికీ చెప్పను.

ఇంకొకటి, వస్తూనే తనకి ఇంపోస్టర్ సిండ్రోమ్ అని తనే పేరు పెట్టుకుని వచ్చాడు, ఈ మధ్య చాలామంది అలాగే వస్తున్నారు. కానీ ఇది అది కాదు. సైకాలజిస్టులు పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో ఇంపోస్టర్ ఫినామినన్ అని రాసింది బాగా సాధించిన ఆడవాళ్ళ గురించి, సర్టిఫికెట్లూ పదవులూ అన్నీ చేతిలో ఉండి కూడా ఇదంతా పొరపాటున వచ్చింది, ఏదో ఒక రోజు దొరికిపోతాను అని భయపడే వాళ్ళ గురించి. మా క్లయింట్‌కి దొరికిపోతానన్న భయం లేదు, ఎందుకంటే తన దగ్గర దాచడానికి ఏదైనా ఉందనే అనుకోవట్లేదు. ఈ తేడా పట్టుకోకపోతే ట్రీట్‌మెంట్ పక్కదారి పడుతుంది, "నువ్వు చాలా సాధించావ్ తెలుసా" అని లిస్ట్ చదివి వినిపించడం మొదలుపెడతాం, అతనికి ఆ లిస్ట్‌లో ఒక్కటీ లెక్కలోది కాదు.

మూడో సెషన్‌కి ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రెండో సెషన్ చివర్లో కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ నుంచి బయటికి రమ్మన్నా, లింక్డిన్ యాప్ తీసేయమన్నా. ఇలాంటి కేసుల్లో అందరూ చెప్పే సలహానే, వినడానికి బాగుంటుంది. రెండు వారాల తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చాడు. యాప్ తీసేశాడు, తర్వాత భార్య ఫోన్లో లాగిన్ అయ్యి రోజూ చూస్తున్నాడు, గ్రూప్‌లో ఏం జరుగుతుందో వేరే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు, మీరు చెప్పిన చిన్న పని కూడా చెయ్యలేకపోయాను మేడం అని దానికి ఇంకో సిగ్గు కలుపుకున్నాడు. అంటే ఉన్న బరువు మీద నేను ఇంకొకటి పెట్టాను. యాంగ్జైటీలో తప్పించుకోవడం భయాన్ని పెంచుతుందని వేరే కేసుల్లో రోజూ చెప్పే నేనే ఇక్కడ తప్పించుకోమని చెప్పాను. అది ఒప్పుకుని అతనికి అదే మాట చెప్పా, సలహా నాది, తప్పు నాది, మీరు ఫెయిలవ్వలేదు అని. ఆ రోజు మొదటిసారి కొంచెం తేలిగ్గా కూర్చున్నాడు, ఆ తర్వాతే ఫోన్ తీసి షీట్ చూపించాడు.

ఆ షీట్ గురించి

2019లో మొదలుపెట్టిన ఎక్సెల్ షీట్ అది, అయిదేళ్ళుగా నడుస్తోంది, భార్యకి కూడా తెలీదు. పద్నాలుగు పేర్లు. కంపెనీ, లెవెల్, ప్యాకేజీ, ఇండియానా అమెరికానా, ఇల్లు, చివర్లో అప్‌డేట్ చేసిన తారీఖు. పదిహేనో వరసలో తను, పసుపు రంగు వేసుకుని. ప్యాకేజీ ప్రకారం సార్ట్ చేసి ఉంటుంది, ఎవరి నంబర్ మారినా మళ్ళీ సార్ట్ చేస్తాడు, తను ఎప్పుడూ అడుగునే.

నేను దాన్ని తీసెయ్యమనలేదు, ఇద్దరం కలిసి ఒక్కో వరసా చదువుదాం అన్నా. దానికి రెండు సెషన్లు పట్టాయి, ఈ కేసులో నాకు ఎక్కువ విషయం దొరికింది అక్కడే.

ముందు, ఈ నంబర్ మీకు ఎవరు చెప్పారు అని ప్రతి వరసకీ అడిగా. పద్నాలుగులో అయిదు మాత్రమే ఆ మనుషులు సొంతంగా చెప్పినవి. మిగతావి వాడి లెవెల్‌కి నెట్‌లో చూసిన జీతం, వాళ్ళ బావమరిది ఎక్కడో అన్న మాట, "అంత ఉండాలి కదా మేడం" అనుకుని వేసినవి. తర్వాత సీటీసీ, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఒకడి పక్కన 78 లక్షలు అని ఉంది. విప్పి చూస్తే అందులో ఆ ఒక్క ఏడాదే వచ్చే జాయినింగ్ బోనస్, వస్తుందో రాదో తెలీని వేరియబుల్ పే, కంపెనీ కట్టే పీఎఫ్ పన్నెండు శాతం, బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, వీటన్నిటితో పాటు నాలుగేళ్ళలో విడతలుగా వచ్చే స్టాక్ మొత్తం ఒకే ఏడాదిలో కలిపేసి ఉంది. తన వరసలో మాత్రం చేతికొచ్చే జీతాన్ని పన్నెండుతో గుణించి వేసుకున్నాడు. డల్లాస్‌లో ఉన్నవాడి జీతాన్ని 83తో గుణించాడు, అక్కడి ట్యాక్స్, అద్దె, ఇద్దరు పిల్లల డేకేర్ ఏమీ తియ్యలేదు. పొద్దస్తమానం డేటాతో పనిచేసే మనిషి, ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలాంటి టేబుల్ తెస్తే రివ్యూలో వెనక్కి పంపేవాడు. ఆ మాట నేను అనలేదు, తనే అన్నాడు.

అసలు నన్ను ఆపేసింది వీసా కాలమ్. 2015లో, 2016లో అతని పాత కంపెనీ అమెరికాలో పనిచెయ్యడానికి ఇచ్చే హెచ్1బీ వీసాకి ఫైల్ చేసింది, రెండుసార్లూ లాటరీలో రాలేదు. షీట్‌లో తన పేరు పక్కన ఆ గడిలో "ఫెయిల్డ్, రెండుసార్లు" అని ఉంది. ఏటా ఇచ్చేవి 85,000, అందులో 20,000 అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి, 2015లో వచ్చినవి దాదాపు 2,33,000 అప్లికేషన్లు, కంప్యూటర్ తీసిన లాటరీ. చీటీ రాకపోవడాన్ని పరీక్ష తప్పినట్టు తొమ్మిదేళ్ళు మోశాడు. ఆ గడిని ఏమని మారుద్దాం అంటే చాలాసేపు ఆలోచించి "లాటరీ, రాలేదు" అని టైప్ చేశాడు, టైప్ చేశాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి మొహం రుద్దుకున్నాడు.

ఇంకో ప్రశ్న, సెక్షన్లో అరవై మంది ఉంటే పద్నాలుగు మందే ఎందుకు? మిగతా వాళ్ళంతా ఏరి? కొందరు సర్వీస్ కంపెనీల్లో ఇతనికన్నా తక్కువ జీతంలో ఉన్నారు, ఒకమ్మాయి బ్యాంకులో ఉంది, ఒకడు చిలకలూరిపేటలో హార్డ్‌వేర్ షాపు. వాళ్ళెవరూ షీట్‌లోకి రాలేదు. సైకాలజిస్ట్ లియాన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు, కొలవడానికి వేరే కొలబద్ద లేనప్పుడు మనిషి తన లాంటి వాళ్ళని చూసి తనని కొలుచుకుంటాడు, అందులోనూ సామర్థ్యం విషయంలో చూపు పైకే లాగుతుంది అని. సాఫ్ట్‌వేర్‌కి ఇది అచ్చంగా సరిపోతుంది. మేస్త్రీ కట్టిన గోడ కళ్ళముందు ఉంటుంది, ఇతను రాసిన కోడ్ ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది, బాగా నడిస్తే ఎవరికీ తెలీదు, ఆగిపోయినప్పుడే పేరు బయటికొస్తుంది. పనిలో కొలబద్ద కనపడక ప్యాకేజీనే కొలబద్ద చేసుకున్నాడు.

లిస్ట్ చదివే అలవాటు ఎక్కడిది

ఇంటర్ గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. వారం వారం టెస్ట్, సోమవారం పొద్దున మెస్‌కి వెళ్ళే దారిలో గోడకి ర్యాంకుల షీట్ అంటించేవాళ్ళు, మార్కుల్ని బట్టి సెక్షన్ మారిపోయేది, సెక్షన్ మారితే రూమ్ కూడా మారేది. ఆ షీట్ ఎలా చూసేవారు అని అడిగా. "పైనుంచి చూసేవాణ్ణి కాదు మేడం, కింద నుంచి చూసేవాణ్ణి. కింద నుంచి వేలు పెట్టి పైకి వస్తుంటే నా పేరు ఎంత లేట్‌గా వస్తే అంత ఊపిరి." చెబుతూ గాల్లో వేలు కింద నుంచి పైకి కదిపాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి వేలు పదహారేళ్ళ పిల్లాడి వేలులా వణికింది, అది నేను మర్చిపోలేను.

2008 ఎంసెట్‌లో పద్దెనిమిది వేల చిల్లర ర్యాంకు. అదే ఏడాది బాబాయి కొడుక్కి మూడు వేలు. వాళ్ళ నాన్న తిట్టలేదు, కొట్టలేదు, ఆ రోజు సాయంత్రం ఎవరో వచ్చి అడిగితే "మావాడిదా, ఏదో వచ్చిందిలే" అన్నాడంతే. ఇప్పటికీ అప్రైజల్ రేటింగ్ వచ్చిన రోజు ఆ "ఏదో వచ్చిందిలే" చెవిలో వినిపిస్తుంది అన్నాడు. బాబాయి కొడుకే షీట్‌లో మొదటి వరస, కాలేజీ బ్యాచ్ కాకపోయినా.

నా ఫార్ములేషన్, అంటే సమస్య ఎలా మొదలై ఎలా నిలబడిందో నా అంచనా, ఇలా రాసుకున్నా. నా విలువ నా స్థానం అనే రూల్ చిన్నప్పుడు పడింది, అప్పట్లో ఆ రూల్‌కి పని ఉంది, నిజంగానే సెక్షన్ మారిపోయేది. ఇప్పుడు గోడ మీద షీట్ ఎవరూ అంటించట్లేదు కాబట్టి తనే తయారుచేసి అంటించుకుంటున్నాడు. దానివల్ల పడిపోతానన్న భయం, ఆ భయం వల్ల ఆఫీసులో నోరు తెరవకపోవడం, ప్రమోషన్ డాక్యుమెంట్ రాయకుండా రెండేళ్ళు వాయిదా వెయ్యడం, సిస్టమ్ డిజైన్ చూసే ఆర్కిటెక్ట్‌కి రెండు లైన్ల మెసేజ్ పంపాలంటే పదకొండుసార్లు తిరగరాయడం, కోడ్ రివ్యూలో వేరియబుల్ పేరు మార్చమని చిన్న కామెంట్ వచ్చినా ఆ పూటంతా పోవడం. ఇవన్నీ కలిసి నిజంగానే కెరీర్ ఆగిపోయింది, ఆగింది కాబట్టి షీట్ చెప్పింది కరెక్టే అనిపించింది.

ఏం చేశాం

ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చుకునే సీబీటీ పద్ధతిలోనే వెళ్ళాం, కానీ పుస్తకంలో ఉన్న థాట్ రికార్డ్, అంటే వచ్చిన ఆలోచన రాసి దానికి ఆధారాలు చూసుకోవడం, ఇతనికి పెద్దగా పనిచెయ్యలేదు, లాజిక్‌లో నన్ను ఓడించేవాడు. పనిచేసినవి వేరే.

షీట్ చూడ్డం ఆపమనకుండా ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు, కూర్చుని, పెద్ద స్క్రీన్ మీద మాత్రమే చూడమన్నా. రెండు కొత్త కాలమ్స్ కలిపాం, ఎవరు చెప్పారు, అది నాకు కావాలా. రెండో కాలమ్ మొదటి వారం అన్నిటికీ అవును అని రాశాడు. నెల తర్వాత వాటిలో ఆరు కాదు అయ్యాయి, అమెరికా వెళ్ళడం కాదు, మేనేజర్ అవ్వడం కాదు, అవును అని గట్టిగా మిగిలింది ఒకటే, పెద్ద సిస్టమ్ ఒకటి మొదట్నుంచి తను డిజైన్ చెయ్యాలి. అది ప్యాకేజీ కాలమ్‌లో పట్టే కోరిక కాదు, షీట్‌లో ఇన్నేళ్ళూ దానికి చోటే లేదు.

రెండోది ఆఫీసులో ఒక ప్రయోగం. డిజైన్ మీటింగ్‌లో తెలియని చోట ఆపి, ఇది నాకు అర్థం కాలేదు అని అడగాలి. ముందుగా ఏం జరుగుతుందో రాయమంటే, పన్నెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌కి ఇది తెలీదా అని అందరూ అనుకుంటారు, నమ్మకం 80 శాతం అని రాశాడు. అడిగాడు. ఆర్కిటెక్ట్ ఒక నిమిషంలో సమాధానం చెప్పి తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయాడు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ నవ్వలేదు. ఇదే ఆరుసార్లు చేశాక ఆ నమ్మకం 30కి వచ్చింది. ఒకసారి మాత్రం ఒక సీనియర్ కాస్త చిరాగ్గా "ఇది డాక్యుమెంట్‌లో ఉంది" అన్నాడట, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు డాక్యుమెంట్ చదివితే నిజంగానే ఉంది, అంతే అన్నాడు. ఆ "అంతే" కోసమే నేను నాలుగు నెలలు చూశాను.

మూడోది పని డైరీ. రోజూ సాయంత్రం మూడు లైన్లు, ఇవాళ ఎక్కడ ఇరుక్కుంది, నేనేం చేశాను, ఎవరికి పని తేలికైంది. రెండు వారాలు ఆఫీసు పనుల్ని నమోదు చేసే జిరాలోని టికెట్ నంబర్లు రాసుకొచ్చాడు. అందులో ఒకటి పట్టుకుని ఇది ఎవరి పని, కథలా చెప్పండి అన్నా. వాళ్ళది మందుల డిస్ట్రిబ్యూటర్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. నెలాఖరు రాత్రి స్టాకూ జీఎస్‌టీ లెక్కలూ సరిచూసే బ్యాచ్ జాబ్ ఒకటి నడుస్తుంది, ఏడు గంటలు పట్టేది, మధ్యలో పడిపోయేది, పడిపోతే సపోర్ట్‌లో ఉన్నవాళ్ళు తెల్లవార్లూ కూర్చుని మళ్ళీ నడపాలి. ఇతను రెండు రోజులు లాగ్స్ చదివి, బిల్లులో ప్రతి లైన్‌కీ ట్యాక్స్ టేబుల్‌ని విడివిడిగా వెళ్ళి అడుగుతోందని పట్టుకున్నాడు, అన్నీ ఒకేసారి తెచ్చేలా క్వెరీ మార్చి, లేని ఇండెక్స్ ఒకటి కలిపాడు. ముప్పై అయిదు నిమిషాలకి వచ్చింది. ఆ తర్వాత నెలాఖరుకి సపోర్ట్‌లో ఒకమ్మాయి, చిన్నబాబు ఉన్న తల్లి, అన్నా ఈ నెల నేను రాత్రి ఇంట్లోనే పడుకున్నా అని మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్ వెతికి చూపించాడు. థ్యాంక్స్ అని కూడా రిప్లై ఇవ్వలేదు, ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

గత ఏడాది సెల్ఫ్ అప్రైజల్‌లో ఇలాంటి పనిని ఏమని రాశారు అని అడిగా. "పెర్ఫార్మెన్స్ ఇష్యూ ఫిక్స్ చేశాను." నాలుగు పదాలు. రేటింగ్ బెల్ కర్వ్‌లో మధ్యలో పడింది, అది చూసి నేను మామూలు వాణ్ణి అని ఇంకోసారి ఖాయం చేసుకున్నాడు. నవంబర్‌లో కొత్త ఫామ్ వచ్చినప్పుడు ఆ సెషన్ అంతా దానికే వాడుకున్నాం, ఏడు గంటలు, ముప్పై అయిదు నిమిషాలు, ఎవరు రాత్రి ఇంటికి వెళ్ళారు, అంకెలతో సహా. రాస్తుంటే డప్పు కొట్టుకున్నట్టుంది మేడం అన్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తే అది డప్పు కాదు, పని చేసినవాడే చెప్పకపోతే మేనేజర్‌కి కలలోకి రాదు కదా అన్నా. ఈ విషయంలో మన దగ్గర పిల్లలకి వినయం అని నేర్పించేది సగం నోరు నొక్కడమే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

షీట్‌లో రెండో వరస వాడికి ఫోన్ చెయ్యడం తొమ్మిదో సెషన్‌లో తీసుకున్న నిర్ణయం, తనదే. ఫస్టియర్‌లో రూమ్‌మేట్, ఇప్పుడు బెంగళూరులో పెద్ద పొజిషన్. వాడికీ లోపల ఏదో బాధ ఉండే ఉంటుందని ఇతను ఆశపడ్డాడు, నాతో చెప్పాడు కూడా, నేను ఆ ఆశకి నీళ్ళు పోయలేదు. గంటసేపు మాట్లాడుకున్నారు. వాడు బాగున్నాడు, పని ఇష్టంగా చేస్తున్నాడు, సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడుతున్నాడు, కొన్ని విషయాల్లో ఇతనికన్నా నిజంగానే ముందున్నాడు. ప్యాకేజీ ఉన్నవాడికి సుఖం ఉండదు అని మనవాళ్ళు ఓదార్పుగా అంటుంటారు, ఆ మాట నేను క్లయింట్లకి చెప్పను, ఎందుకంటే అది కూడా పోలికే, వాడి దుఃఖం మీద మన విలువ నిలబెట్టుకోవడమే. ఇతను వచ్చి చెప్పింది రాసుకున్నా: "వాడు బాగున్నాడు మేడం. మొదట కడుపులో తిప్పింది. తర్వాత ఏంటంటే, గంటలో వాడు ఒక్కసారి కూడా నా ప్యాకేజీ అడగలేదు, ఆ బ్యాచ్ జాబ్ గురించే ఇరవై నిమిషాలు అడిగాడు."

డిసెంబర్ మొదటి వారానికి మొత్తం పద్నాలుగు సెషన్లు అయ్యాయి. పీహెచ్‌క్యూ-9లో 5, జీఏడీ-7లో 6, రోజెన్‌బర్గ్ 18. మూడింటికి లేవడం వారానికి ఒక రోజుకి తగ్గింది. మందులు అవసరం పడలేదు. స్కోర్లు ఇలా మారడంలో ఎంత మాటల వల్ల, ఎంత కాలం గడవడం వల్ల, ఎంత భార్య పక్కన నిలబడటం వల్ల అని ఒక కేసుతో తేల్చలేం. ఆవిడకి షీట్ చూపించింది ఆరో సెషన్ తర్వాత, ఆవిడ దాన్ని చూసి ఏమీ అనకుండా ఇద్దరికీ టీ పెట్టిందట, ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు.

2025 సంక్రాంతికి రెండేళ్ళ తర్వాత ఊరెళ్ళాడు. భోగి రోజు అరుగు మీద బాబాయి అందరి ముందూ "ప్యాకేజీ ఎంత రా ఇప్పుడు" అని అడిగాడు. ఈ సీన్‌కి మేం రెండు సెషన్లు రిహార్సల్ చేశాం, తయారుచేసుకున్న సమాధానం ఒక్కటీ గుర్తు రాలేదు, ఉన్న నంబర్ చెప్పేశాడు. బాబాయి ఓహో అని అరిసెల ప్లేట్ ముందుకి తోశాడు. నాన్న పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. నాన్న ఏదైనా అంటాడేమో అని రాత్రిదాకా ఎదురుచూశాను మేడం, ఆ ఎదురుచూపు మాత్రం పోలేదు అన్నాడు. నాన్నతో ముడి ఈ సెషన్లలో విప్పలేకపోయాం, అది నేను ఫైల్‌లో అలాగే రాశాను.

మార్చిలో ఫాలో అప్‌కి వచ్చాడు. రేటింగ్ ఒక మెట్టు పెరిగింది, ప్రమోషన్ రాలేదు, కొత్త ప్రొడక్ట్ టీమ్‌లో డిజైన్ పని కోసం లోపలే అప్లై చేశాడు, ఇంకా తేలలేదు. షీట్ ఉంది, చివరి అప్‌డేట్ డిసెంబర్ 22. ఈలోపు తను ట్రైనింగ్ ఇచ్చిన జూనియర్ ఒకడు వేరే కంపెనీలో మేనేజర్ అయ్యాడని తెలిసి రెండు రాత్రులు నిద్ర పోలేదట, మూడో రోజు పదిహేనో పేరుగా వాడిని ఎక్కించబోయి, ఎవరు చెప్పారు అన్న కాలమ్ దగ్గర ఆగి, వాడికే ఫోన్ చేశాడు. జూన్‌కి ఇంకో సెషన్ పెట్టుకున్నాం, ఈసారి నాన్న గురించి మాట్లాడాలి అని తనే అడిగాడు.